ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాకముందే తాళాలు తీసుకోమంటున్నారు: ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు పోతుందా?

మియాపూర్ అద్దెదారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొల్లూరు సమీపంలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ అయిన హెచ్‌ఎండీఏ అనుమతితో కడుతున్న ఒక అపార్ట్‌మెంటు సముదాయంలో 2021 జూన్‌లో మూడు పడకగదుల ఫ్లాటు బుక్ చేసుకున్నాము. ప్రాజెక్టు తెలంగాణ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ అథారిటీలో) నమోదైనదే. విస్తీర్ణం 1,650 చదరపు అడుగులు, ధర జీఎస్టీ కాక 84 లక్షలు. స్టాంపు కాగితం మీద రాసి సంతకాలు చేసిన అగ్రిమెంటు ఉంది కాని, దానిని రిజిస్టరు చేయించలేదు. 2023 డిసెంబరు 31 నాటికి ఫ్లాటు స్వాధీనం చేస్తామని, తప్పనిసరి అయితే మరో ఆరు నెలలు గ్రేస్ పీరియడ్ ఉంటుందని అందులో స్పష్టంగా రాశారు. ఆ ఆరు నెలలు కలుపుకున్నా 2024 జూన్‌తో గడువు తీరిపోయింది. అప్పటి నుంచి ప్రతి పండుగకూ ఒక కొత్త తేదీ చెబుతూ వచ్చారు.

ఇప్పటివరకు బ్యాంకు రుణంతో కలిపి 76 లక్షలు చెల్లించాము. ఒకవైపు ఈఎంఐ, మరొకవైపు మియాపూర్‌లో ఇంటి అద్దె కడుతున్నాము. పోయిన వారం బిల్డర్ కార్యాలయం నుంచి ఒక లేఖ వచ్చింది. ఇంటీరియర్ పనుల కోసం తాళాలు ఇస్తామని, అందుకు ముందుగా మిగిలిన 8 లక్షలు, కార్పస్ ఫండ్ (సముదాయం ఉమ్మడి నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ కట్టాలని, దానితోపాటు "ఆలస్యానికి సంబంధించి నాకు ఎటువంటి క్లెయిములూ లేవు" అనే పత్రం మీద సంతకం చేయాలని అందులో ఉంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం ప్లాను ప్రకారం పూర్తయింది, నివసించవచ్చు అని ఇచ్చే పత్రం) ఎప్పుడు వస్తుందని అడిగితే త్వరలోనే అంటున్నారు. మా టవరులో ప్రస్తుతం ఒక లిఫ్టు మాత్రమే నడుస్తోంది, కరెంటు నిర్మాణ సమయంలో తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ నుంచే వస్తోంది.

ఆలస్యం గురించి గట్టిగా అడిగితే రెండు జవాబులు చెబుతున్నారు. ఒకటి, కోవిడ్ వల్ల పని ఆగిపోయిందని. రెండవది, రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు గడువును పొడిగించారు కాబట్టి చట్టప్రకారం ఆలస్యమే లేదని. ఇంట్లో పెద్దవాళ్లు శ్రావణమాసంలో గృహప్రవేశం చేసుకుందామని తొందరపడుతున్నారు. సంతకం చేసి తాళాలు తీసుకోవడమా, ఓసీ వచ్చేదాకా ఆగడమా, మిగిలిన డబ్బు కట్టడం ఆపివేయడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మదీనాగూడ నివాసి

మీ ఇంట్లో పెద్దవాళ్ల తొందర అర్థం చేసుకోదగినదే కాని, ఓసీ లేని భవనంలో కాపురం పెట్టిన వాడిగా కొన్ని సంగతులు చెప్పాలి. మా సముదాయంలో ముప్పాతిక మంది ఫిట్-అవుట్ (ఇంటీరియర్ పనుల) పేరుతో తాళాలు తీసుకుని, కొద్ది నెలలలోనే సామాన్లతో దిగిపోయారు. దిగిన రోజు నుంచి బిల్డరుకు మాతో పని లేకుండా పోయింది, ఎందుకంటే రావలసిన డబ్బు మొత్తం అప్పటికే ఆయనకు ముట్టింది. ఇళ్లకు విడివిడి మీటర్లు రాలేదు. మొత్తం టవరుకు ఒకే తాత్కాలిక కనెక్షన్, దాని బిల్లును ఆయన తనకు తోచిన రేటున పంచేవారు. జలమండలి కనెక్షన్ రాక ఎండాకాలమంతా ట్యాంకర్ల మీదనే ఆధారపడ్డాము. లిఫ్టులలో ఒకవైపు టైల్స్, సిమెంటు బస్తాలు, మరొకవైపు స్కూలు పిల్లలు.

ఇబ్బందులను ఎలాగో భరించవచ్చు. వాటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మేము దిగినందువల్ల ఓసీ తెప్పించవలసిన ఒత్తిడి బిల్డరు మీద తగ్గిపోయింది. ఆయన తన మనుషులను తరువాతి ప్రాజెక్టుకు తరలించారు. క్లబ్ హౌస్ పూర్తి కావడానికి, మేము దిగడానికి ముందు గడిచిన ఆలస్యం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

మీకు ముహూర్తం ముఖ్యమైతే, బిల్డరు వ్రాతపూర్వక అనుమతితో పాలు పొంగించి ఇంటికి తాళం వేసి రావచ్చు, మా అంతస్తులో ఇద్దరు అలాగే చేశారు. కాపురం మాత్రం ఓసీ వచ్చాకే పెట్టండి.

హైకోర్టు న్యాయవాది, రెరా కేసులు

ముందుగా గడువు విషయం తేల్చుకుంటే మిగిలినవి సులభమవుతాయి. రెరాలో పొడిగింపు వచ్చింది కాబట్టి ఆలస్యం లేదన్న వాదన నిలవదు. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016లోని 6వ సెక్షన్ కింద ఇచ్చే పొడిగింపు ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోకుండా కాపాడటానికి ఉద్దేశించినది. యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం వంటి విపత్తుల వల్ల ఇచ్చేది ఒకటి, బిల్డరు తప్పు లేదని అథారిటీ భావించిన సందర్భాలలో మొత్తం మీద ఒక ఏడాదికి మించకుండా ఇచ్చేది మరొకటి. ఇది అథారిటీకీ బిల్డరుకూ మధ్య వ్యవహారం. మీతో చేసుకున్న ఒప్పందంలోని తేదీని అది కదిలించదు. నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో 2017 డిసెంబరులో బొంబాయి హైకోర్టు, 18వ సెక్షన్ కింద ఆలస్యాన్ని కొనుగోలుదారుతో కుదిరిన ఒప్పందంలోని తేదీ నుంచే లెక్కించాలని, రెరాలో నమోదు సమయంలో బిల్డరు ప్రకటించుకున్న కొత్త తేదీ ఆ ఒప్పందాన్ని తిరగరాయదని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన నాటి నుంచి ఈ వాదన దేశమంతటా వినిపిస్తూనే ఉంది, ఓడిపోతూనే ఉంది.

కోవిడ్ సాకు మీ విషయంలో ఇంకా బలహీనమైనది. 2020 మే నెలలో కేంద్రం చేసిన సూచన ప్రకారం, 2020 మార్చి 25న గాని ఆ తరువాత గాని గడువు ముగిసే ప్రాజెక్టుల రిజిస్ట్రేషన్‌ను ఆరు నెలలు పొడిగించే వెసులుబాటు కలిగింది. మీ అగ్రిమెంటు 2021 జూన్‌లో, అంటే రెండవ విడత ఉధృతి కళ్లారా చూసిన తరువాత రాసుకున్నది. అప్పటి పరిస్థితులన్నీ తెలిసి, వాటిని లెక్కలోకి తీసుకునే 2023 డిసెంబరు అని ఆయన తేదీ ఇచ్చారు.

ఇక డబ్బు సంగతి. చాలామంది కొనుగోలుదారులు 18వ సెక్షన్ అంటే ఫ్లాటు వదులుకుని డబ్బు వాపసు తీసుకోవడమే అనుకుంటారు. నిజానికి ఆ సెక్షన్ మీకు రెండు దారులు ఇస్తుంది. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి రావాలి. 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును షరతులు లేని సంపూర్ణ హక్కు అన్నది. ఫ్లాటు కావాలనుకుని కొనసాగితే, స్వాధీనం చేసే వరకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రావాలి. తెలంగాణ నిబంధనల ప్రకారం ఆ వడ్డీ రేటు భారతీయ స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు (బ్యాంకు తన రుణాలకు నిర్ణయించే కనీస వడ్డీ రేటుకు) 2 శాతం కలిపినంత. లెక్క సులువుగా ఉండేందుకు మొత్తం 11 శాతం అనుకుందాం. మీరు కట్టిన 76 లక్షల మీద అది ఏడాదికి 8 లక్షల 36 వేలు, అంటే నెలకు దాదాపు 70 వేలు అవుతుంది. మీ అగ్రిమెంటులో ఆలస్యానికి పరిహారం నెలకు చదరపు అడుగుకు 5 రూపాయలనో మరొకటో రాసి ఉండవచ్చు, చూసుకోండి. 5 రూపాయలే అయితే 1,650 అడుగులకు వచ్చేది 8,250 రూపాయలు. అదే అగ్రిమెంటులో మీరు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం అనో 24 శాతం అనో ఉంటుంది. ఇటువంటి ఏకపక్ష షరతులకు కొనుగోలుదారులు కట్టుబడనక్కరలేదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా చట్టం 2వ సెక్షన్ కూడా ఇరుపక్షాలకూ ఒకే వడ్డీ రేటు ఉండాలంటున్నది.

కాబట్టి వారు సంతకం చేయమంటున్న "క్లెయిములు లేవు" పత్రం విలువ మీ విషయంలో ఎన్నో లక్షలు. దానిని వారు ఒక లాంఛనంలాగా తాళాల కవరులో పెట్టి ఇస్తున్నారు. 2020 ఆగస్టులో వింగ్ కమాండర్ అరిఫుర్ రహమాన్ ఖాన్ కేసులో, బెంగళూరులోని ఒక ప్రాజెక్టు విషయమై సుప్రీంకోర్టు ముందుకు అచ్చం ఇదే పరిస్థితి వచ్చింది. పరిహారం వదులుకుంటేనే స్వాధీనం, లేకపోతే ఎదురుచూపు అన్న బిల్డరు వైఖరిని కోర్టు అన్యాయమన్నది. సేల్ డీడ్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం కోరే హక్కు పోదన్నది, కట్టిన మొత్తం మీద ఏడాదికి 6 శాతం చొప్పున ఇప్పించింది. అయితే బిల్డరుతో విడిగా రాజీ ఒప్పందాలు చేసుకున్న కొనుగోలుదారులకు మాత్రం ఆ ప్రయోజనం దక్కలేదు. ఈ చివరి వాక్యం మీరు మీ కొనుగోలుదారుల గ్రూపులో అందరికీ చదివి వినిపించాలి. రిజిస్ట్రేషన్ చేయించుకున్నా హక్కు మిగులుతుంది. హక్కు వదులుకున్నానని రాజీపత్రం రాసి ఇస్తే మాత్రం, అది బలవంతం మీద చేసిన సంతకమని తరువాత నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది.

అగ్రిమెంటు రిజిస్టరు కాలేదన్నారు. 13వ సెక్షన్ ప్రకారం ధరలో 10 శాతానికి మించి తీసుకునే ముందు అగ్రిమెంటు రిజిస్టరు చేయించవలసిన బాధ్యత బిల్డరుదే. కాబట్టి ఆ లోపాన్ని చూపించి ఆయన తప్పించుకోలేరు. అది ఆయన మీద మరొక ఉల్లంఘన అవుతుంది. రసీదులు, అలాట్‌మెంట్ లేఖ, స్లాబు స్లాబుకూ పంపిన డిమాండ్ నోటీసులు, బ్యాంకుతో చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం అన్నీ భద్రపరచుకోండి. రెరా సైటులో బిల్డరు మూడు నెలలకొకసారి పెట్టవలసిన ప్రగతి వివరాలను ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. పని ఎంత శాతం అయిందని ఆయనే చెప్పుకున్నదీ మీకు పంపిన డిమాండ్ నోటీసులలో ఉన్నదీ తరచుగా పొంతన కుదరవు.

ఆలస్యపు వడ్డీ కోసం అథారిటీకి ఫారం ఎం, అద్దె, మనోవేదన వంటి పరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసరుకు ఫారం ఎన్ వేయాలి. న్యాయవాది లేకుండా మీరే స్వయంగా వాదించుకోవచ్చు, చార్టర్డ్ అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీ కూడా మీ తరఫున రావచ్చు. వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంది. మీరు చెల్లించినది 50 లక్షలు దాటి 2 కోట్లకు లోపు కాబట్టి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లవలసి ఉంటుంది. నా అభిప్రాయంలో, ఫ్లాటు ఉంచుకుని వడ్డీ మాత్రమే కోరేవారికి రెరాయే దగ్గరి దారి.

సైట్ ఇంజినీరు, గచ్చిబౌలి

న్యాయవాది గారు చెప్పిన చట్టంతో నాకు పేచీ లేదు. కాని ఓసీ ఆగిపోవడాన్ని ప్రతిసారీ దురుద్దేశంగా చూడటం సరికాదని, బిల్డర్ల దగ్గర పనిచేసిన వాడిగా అనిపిస్తుంది. అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని ఆ అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే ఆ ఫ్లాట్లు విడుదలవుతాయి. అంటే ఓసీ ఆలస్యమైతే బిల్డరు సొమ్ము కూడా ఇరుక్కుపోతుంది. ఎత్తైన భవనాలకు అగ్నిమాపక శాఖ తుది నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ కావాలి. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి షరతులు, మురుగునీటి శుద్ధి ప్లాంటు నడుస్తున్నట్టు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి. వీటిలో ఒకటి ఆగినా ఫైలు కదలదు. అదీ గాక, డబ్బు కట్టవలసినవారు వాయిదాలు ఆపివేసి పని కుంటుపడిన ప్రాజెక్టులను కూడా నేను చూశాను. మిగిలిన వాయిదా ఆపేద్దామా అని అడిగిన ప్రశ్నకు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ప్లానుకు విరుద్ధంగా సెట్‌బ్యాకులలోకి (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ జాగాలోకి) జరగడం, సెల్లారులో పార్కింగు స్థలాన్ని స్టోరు గదులుగా మార్చడం, టెర్రస్ మీద ఏదో ఒకటి కట్టడం వంటివి జరిగిన చోట ఓసీ "త్వరలో" రాదు. మీరు సైటుకు వెళ్లినప్పుడు మీ ఫ్లాటులోని టైల్స్ చూసి తృప్తిపడకుండా, మంజూరైన ప్లాను పట్టుకుని సెల్లారు, చుట్టూ ఉన్న ఖాళీ జాగా, ఫైర్ ఇంజను తిరిగే దారి కొలిచి చూడండి. అక్కడ తేడా కనిపిస్తే మీ ఆలస్యానికి అసలు కారణం అదే కావచ్చు. అలాగే మీ ఫ్లాటు ఆ తనఖా పెట్టిన 10 శాతంలో ఉందేమో తప్పక కనుక్కోండి. ఉంటే మాత్రం ఓసీ లేకుండా రిజిస్ట్రేషన్ మాట ఎత్తవద్దు.

విశ్రాంత బ్యాంకు అధికారి

రుణం, పన్నుల వైపు నుంచి కొంత చెబుతాను. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, సొంతానికి ఉంచుకున్న ఇంటి రుణం మీద ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు వస్తుంది కాని, రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణం పూర్తి కావాలి. దాటితే ఆ పరిమితి 30 వేలకు పడిపోతుంది. మీరు 2021-22లో రుణం తీసుకుని ఉంటే మీ ఐదేళ్లు 2027 మార్చి 31తో ముగుస్తాయి. నిర్మాణం పూర్తయిందనడానికి ఆదాయపు పన్ను అధికారి ముందు పెట్టడానికి ఓసీ కన్నా బలమైన కాగితం లేదు, బిల్డరు ఇచ్చే తాళాల రసీదు దానికి సాటిరాదు. నిర్మాణ కాలంలో కట్టిన వడ్డీని పూర్తయిన సంవత్సరం నుంచి ఐదు సమాన వాయిదాలలో చూపించుకోవచ్చు, అదీ పై పరిమితికి లోబడే. కొత్త విధానంలోకి మారిపోయినవారికి సొంత నివాసం మీద ఈ మినహాయింపు లేదు కాబట్టి ఈ బాధ కూడా లేదు!

ఆలస్యం వల్ల కలిగిన ఈ పన్ను నష్టాన్ని కూడా ఫారం ఎన్ లో లెక్కగట్టి చూపించవచ్చు. చాలామంది అద్దె రసీదులు జతచేస్తారు గాని దీనిని మరచిపోతారు.

బిల్డరు మీద కోపంతో ఈఎంఐ ఆపడం మాత్రం ఎన్నటికీ చేయవద్దు. బ్యాంకుకూ మీకూ ఉన్న ఒప్పందం వేరు, ఇల్లు రాకపోయినా అప్పు అప్పే, సిబిల్ స్కోరు దెబ్బతింటే మళ్లీ నిలబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. చివరి విడత రుణం విడుదల చేయవద్దని బ్యాంకుకు కారణాలు చూపుతూ లేఖ రాయడం మాత్రం మీ చేతిలో ఉన్న పని. మీ అంగీకారం లేకుండా ఆ విడత విడుదల చేయరాదని లేఖలో కోరండి. 2024 డిసెంబరు 17న రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో సుప్రీంకోర్టు, ఓసీ వచ్చాకే స్వాధీనం ఇస్తామని బిల్డర్ల నుంచి హామీ తీసుకోవాలని, విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఓసీ చూపించాకే ఇవ్వాలని, భవనాన్ని హామీగా పెట్టుకుని రుణమిచ్చే బ్యాంకులు ఓసీని సరిచూసుకోవాలని ఆదేశించింది. మీ లేఖలో ఆ తీర్పును ఉదహరిస్తే శాఖలో కూర్చున్న మేనేజరు దానిని పక్కన పెట్టలేరు.

జీఎస్టీ గురించి ఎవరూ అడగలేదు కాని, గ్రూపులలో ఒక అపోహ తిరుగుతూ ఉంటుంది. ఓసీ వచ్చాక కొన్నవారికి జీఎస్టీ లేదు కాబట్టి మన చివరి వాయిదాను ఓసీ తరువాత కడితే దాని మీద 5 శాతం మిగులుతుందని కొందరు అనుకుంటారు. ధర మొత్తం ఓసీ తరువాతే ముట్టినప్పుడు మాత్రమే ఆ మినహాయింపు. మీకు వర్తించదు.

మియాపూర్ అద్దెదారు

అందరికీ కృతజ్ఞతలు. అగ్రిమెంటు మళ్లీ చదివాను. న్యాయవాది గారు ఊహించినట్టే ఆలస్యానికి అడుగుకు 5 రూపాయలు, మా వాయిదా ఆలస్యమైతే 18 శాతం అని ఉంది. తనఖా పెట్టిన ఫ్లాట్లు మొదటి, రెండవ అంతస్తులలో ఉన్నాయని తెలిసింది, మాది తొమ్మిదవ అంతస్తు. ఇంకా రెండు సందేహాలు. మిగిలిన 8 లక్షలు కట్టకపోతే మమ్మల్నే డిఫాల్టరు అని అలాట్‌మెంటు రద్దు చేస్తామని ఫోనులో అన్నారు, అది సాధ్యమా? రెండవది, రెరా ఆర్డరు వచ్చినా డబ్బు చేతికి రాదని గ్రూపులో చాలామంది అంటున్నారు. అటువంటప్పుడు కేసు వేసి బిల్డరుతో శత్రుత్వం తెచ్చుకోవడం ఎందుకని వారి వాదన.

మధురవాడ కొనుగోలుదారు

మీ రెండవ సందేహానికి మా అనుభవం కొంత ఉపయోగపడవచ్చు. మాది విశాఖపట్నం, ఆంధ్రప్రదేశ్ రెరా పరిధి. మేము కొంతమందిమి ఎవరికి వారుగా, అయితే ఒకే రకమైన ఆధారాలతో ఫిర్యాదులు వేశాము. ఉమ్మడిగా ఒకే కాగితం మీద వందమంది సంతకాలు చేస్తే, అందులో సగం మంది వాయిదాలు బాకీ ఉన్నవారే కావడంతో బిల్డరు తరఫువారు వారినే చూపించి అందరినీ ఇరుకున పెడతారని మాకు సలహా ఇచ్చారు. ఆ సలహా మంచిదయింది.

ఆర్డరు వచ్చాక నగదు రూపంలో ఒక్క రూపాయి కూడా మా చేతికి రాలేదన్న మాట నిజం. కాని బిల్డరే మాట్లాడుకుందాం రమ్మన్నారు. రావలసిన వడ్డీని మా చివరి వాయిదా నుంచి, కార్పస్ ఫండ్ నుంచి మినహాయించేలా అనుబంధ ఒప్పందం రాసుకున్నాము. మాకు లెక్కప్రకారం రావలసిన దానికంటే కొంత తగ్గించుకున్న మాట వాస్తవమే. అయినా చివరి వాయిదా మా దగ్గరే ఉండబట్టి ఆ బేరం కుదిరింది. మొత్తం ముందే కట్టేసిన మా పక్క టవరువారు రికవరీ కోసం కలెక్టరు కార్యాలయం చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఫ్లాటు వదిలి డబ్బు వాపసు కోరినవారి పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే వారికి సర్దుబాటు చేసుకోవడానికి ఏమీ మిగలదు.

శత్రుత్వం అన్న మాట మా గ్రూపులో కూడా చాలాకాలం నడిచింది. చివరికి చూస్తే, ఫిర్యాదు వేసినవారి ఫ్లాట్లకే బిల్డరు ముందుగా పెయింటు వేయించారు.

హైకోర్టు న్యాయవాది, రెరా కేసులు

అలాట్‌మెంటు రద్దు బెదిరింపు గురించి. 11వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలోని షరతులకు లోబడి మాత్రమే బిల్డరు రద్దు చేయగలరు. తగిన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేస్తే దాని మీద కూడా అథారిటీకి వెళ్లవచ్చు. అయితే 19వ సెక్షన్ మీ మీద కూడా వాయిదాలు సకాలంలో కట్టే బాధ్యత పెడుతోంది, కాబట్టి మౌనంగా చెల్లింపు ఆపివేయకండి. చివరి వాయిదా మీ పేమెంటు షెడ్యూలులో దేనికి ముడిపడి ఉందో చూడండి. "స్వాధీనం సమయంలో" అని ఉంటే, ఓసీ లేకుండా చట్టబద్ధమైన స్వాధీనం లేదు కాబట్టి ఆ వాయిదా గడువు ఇంకా రాలేదనే వైఖరి తీసుకోవచ్చు. ఇంటీరియర్ల కోసం ఇచ్చే తాళాలను ఆ స్వాధీనంగా లెక్కించనక్కరలేదు. ఈ సంగతిని, ఓసీ చేతికి అందిన వెంటనే ఆలస్యపు వడ్డీని సర్దుబాటు చేసి మిగిలినది చెల్లించడానికి సిద్ధంగా ఉన్నామన్న సంగతిని, రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిలులోనూ ఇప్పుడే రాసి పంపండి. ఫోనులో అన్న మాటలను కూడా ఫలానా తేదీన మీరు ఇలా అన్నారని ఆ లేఖలో నమోదు చేయండి.

ఓసీ వచ్చాక మాత్రం ఆలస్యం మీ వైపు నుంచి ఉండకూడదు. ఓసీ జారీ అయిన రెండు నెలలలోపు స్వాధీనం తీసుకోవాలని అదే 19వ సెక్షన్ చెబుతోంది. ఫ్లాటులో చిన్నచిన్న లోపాలుంటే జాబితా రాసి ఇచ్చి, అభ్యంతరాలతో స్వాధీనం తీసుకుంటున్నామని రాయండి. నిర్మాణ లోపాలకు స్వాధీనం నాటి నుంచి ఐదేళ్ల వరకు బిల్డరే బాధ్యుడు కాబట్టి ఆ విషయంలో తొందరపడి రాజీ పడనవసరం లేదు.

ఆర్డరు అమలు సంగతి మధురవాడ మిత్రుడు చెప్పినదే ఆచరణలో ఎక్కువగా జరుగుతోంది. 40వ సెక్షన్ కింద భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేసే అధికారం ఉన్నా, అది నెమ్మదిగా నడిచే యంత్రాంగం. కాని బిల్డరు అప్పీలుకు వెళ్లాలంటే మీకు ఇవ్వవలసిన మొత్తాన్ని వడ్డీతో సహా ముందుగా ట్రిబ్యునల్‌లో జమచేయాలని 43వ సెక్షన్ నిబంధన. ఆర్డరు పొందిన కొనుగోలుదారుతో బిల్డర్లు అకస్మాత్తుగా మర్యాదగా మాట్లాడటానికి నా అనుభవంలో సగం కారణం ఇదే. ఆర్డరు పాటించకపోతే 63వ సెక్షన్ కింద ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం వరకు జరిమానా పెరుగుతూ పోవచ్చు.

మదీనాగూడ నివాసి

ఇంకొక్క మాట. ఓసీ త్వరలోనే వస్తుందని మీ బిల్డరు చెబుతున్నారు కదా, దరఖాస్తు నంబరు, తేదీ అడిగారా? మాకు ఏడాదిపాటు అదే మాట చెప్పారు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, మా టవరుకు అసలు దరఖాస్తే రాలేదని జవాబు వచ్చింది. మీరు హెచ్‌ఎండీఏ ప్రజా సమాచార అధికారికి బిల్డింగ్ పర్మిట్ నంబరు రాసి, ఓసీ దరఖాస్తు ఎప్పుడు అందింది, తనిఖీ జరిగిందా, ఏమైనా లోపాలు చూపుతూ నోటీసు ఇచ్చారా, మంజూరైన ప్లాను నకలు కావాలి అని అడగండి. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు ఫారం ఎం కు జతచేస్తే, విచారణలో "త్వరలో" అన్న మాట మళ్లీ వినవలసిన పని ఉండదు.

మియాపూర్ అద్దెదారు

ఈ రోజు ఫోను చేసి నంబరు అడిగాను, రేపు చెబుతామన్నారు. సమాచార హక్కు దరఖాస్తు రాసి ఉంచాను, సోమవారం పంపిస్తాను. న్యాయవాది గారు చెప్పిన విధంగా బిల్డరుకు, బ్యాంకుకు లేఖలు కూడా అదే రోజు వెళతాయి. మా టవరులో వాయిదాలు బాకీ లేని పదకొండు కుటుంబాలవారు విడివిడిగా ఫిర్యాదులు వేయడానికి ఒప్పుకున్నారు. గృహప్రవేశం శ్రావణంలో కాదని ఇంట్లో చెప్పాను, మా అమ్మగారు మాఘమాసంలో ముహూర్తాలు చూడమని పంతులు గారికి ఫోను చేశారు.